ఎనిమిది ఓములు

నాగపూర్‌ల అగ్గువకు దొరికిన యాంప్లిఫయర్
ఇంటికొచ్చినంక బయటపెట్టింది దాని నోరు.
ఏ తీగ మీటినా
సత్తు తపెల మీద మొలతోటి గీకినట్టే.
ట్రెబుల్ గుండీ సున్నా దాకా తిప్పిన.
ముందట దుప్పటి కట్టిన.
ఆఖరికి గోడ దిక్కు మొకం పెట్టించిన,
బడిల తప్పుచేసిన పోరన్ని నిలబెట్టినట్టు.
గోడకు గూడ పండ్లు జివ్వుమన్నయి.

"గుండీ తిప్పితే వెలుగు తగ్గుతది గని
సూది తగ్గదు," అన్నడు ఓదెలు.
"మాట్లాడేది డబ్బా కాదు పోరడా, కాగితం."

బల్లార్షా స్టేషన్ వెనక
వెదురు లారీలు మలిగే మూల మీద
ఆయన రేకుల కొట్టు.
మిల్లు వాసన, ఉడికీ ఉడకని గోబీ వాసన,
రైలు దిగినోళ్ళకే వాసన; మాకు గాలి.
ముప్పై రెండేండ్లు మిషన్ కాడ నిలబడి
తడి కాగితం ఉరుకుతుంటె చూసిన మనిషి
ఇప్పుడు పగిలిన స్పీకర్లకు
కొత్త కాగితం గొంతులు అతికిస్తుండు.

మూడు తీసి గోడకు ఆనించిండు.

మొదటిది కొత్తది. నడుమ అల్యూమినియం బొట్టు,
వెనక ఇడ్లీ గిన్నెంత అయస్కాంతం.
తీగను ముట్టుకున్ననో లేదో
వర్ధా అవతలి ఒడ్డుకు పోయింది సూది.
"ఇది బరాత్‌లకు. నీకు కాదు."

రెండోది భజన మండలోళ్ళు అమ్ముకున్నది.
మెత్తగుంది. మరీ మెత్తగుంది.
జ్వరమొచ్చినోడు గొంగడి లోపల్నుంచి
మంచినీళ్ళు అడిగినట్టు.

మూడోది, మూతబడ్డ టాకీసులది.
తెర వెనక ఇరవై ఏండ్లు నిలబడి
ఒక్క సినిమా చూడనిది.
కాగితం బొట్టు, అంచుకు ఎన్నడో పూసిన నల్ల జిగురు,
ఎలుక కొరికిన కాడ పల్చటి అతుకు.
మీటర్ పుల్లలు ఆనిస్తే ఆరున్నర చూపింది.
ఎనిమిదన్నవు గదా అంటే నవ్విండు:
"కూసున్నప్పుడు ఆరున్నర,
పనిల దిగితే ఎనిమిది. మనిషి లెక్కనే."

వాయించిన.
ఓదెలు స్పీకర్ దిక్కు చూస్తలేడు,
నా వేళ్ళ దిక్కూ చూస్తలేడు.
కడప మీద బియ్యంల రాళ్ళేరుతున్న
బానక్క దిక్కు చూస్తుండు.
మొదటిదానికి ఆమె చేట ఇడిచిపెట్టి చెవులు మూసుకున్నది.
రెండోదానికి "ఏందీ?" అని అడిగింది.
దీనికి
ఏరుడు ఆపలేదు.

"గిదే," అన్నడు.

నాకు అప్పుడు సమజైంది.
"మిషన్ తిన్నది, పైనున్నదంతా.
కుక్కర్ సీటీ, పిచ్చుకలు, మనుమరాలి ఏడుపు,
మొకాలు చూసి తెలుసుకుంట.
కిందిది మిగిలింది నాకు. లారీ, ఉరుము,
మీ అక్క కోపం."

నాలుగు స్క్రూలు బిగించి
ఐదు వందలు లెక్కపెట్టుకున్నడు.
పాత స్పీకర్ పారెయ్యకు, ఇచ్చిపో అన్నడు.
గిటార్ సంచిల పెడుతుంటె అడిగిండు,
"ఇంతకూ ఎట్లుంటది అది,
నువ్వు పడలేనంటున్నది?"

సత్తు తపెల అన్న. మొల అన్న.
ఎండల కొత్త రేకు అన్న.
పచ్చి చింతకాయ అన్న.
ఒక్కోదానికి తల ఊపుకుంట పోయి
చింతకాయ కాడ గుటక మింగిండు.

ఆ రాత్రి పెద్ద తీగ చెప్పులిడిచి నడిచింది ఇంట్ల.
సన్న తీగ పెదవిని ముట్టింది గని కోయలేదు.
పక్కింటి వైనీ కిటికీ మూయలేదు.
అయినా, ఎవరికీ చెప్పలే,
ఒకటి రెండుసార్లు ఆ గీకుడు కోసం
వేలు కొంచెం గట్టిగ ఒత్తిన.

వారం తర్వాత మల్ల పోతే
నా పాత స్పీకర్ బల్ల మీదుంది,
రేడియోకు తగిలించి, ఫుల్లుగ.
దాని వెండి బొట్టు మీద అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకొని కూసున్నడు ఓదెలు.
బానక్క చెవులల్ల దూది.
రాళ్ళేరుతనే ఉన్నది.